ప్రేరణ గురించి అడిగితే ఉద్యోగం గురించి చెప్పారు: ఐదు రోజులు, నలుగురు రచయితలు

నేను బ్యాంకులో పనిచేస్తాను. కౌంటర్ దగ్గర. ఏడు కథలు అచ్చయ్యాయి, ఎనిమిదోది రెండేళ్లుగా మూడో పేజీ దగ్గరే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు, ఉన్న కాస్తా ఇంటి పనికి పోతుంది, ఈ ఉద్యోగం లేకపోతే రాసేదాన్నే కదా అని చాలాసార్లు అనుకున్నాను. అందుకే ఈసారి సెలవు దొరగ్గానే, నేను ఇష్టంగా చదువుకున్న నలుగురు రచయితలకు ఫోన్ చేసి, వచ్చి మాట్లాడొచ్చా అని అడిగాను. నలుగురూ రమ్మన్నారు. పేర్లు మాత్రం రాయొద్దని ఇద్దరు అడిగారు, అందుకని నలుగురివీ రాయడం లేదు.

మొదటి రోజు, శ్రీకాకుళం

స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ అయినా రైలు దిగేది ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి ఊళ్లోకి ఇంకా పన్నెండు పదమూడు కిలోమీటర్లు. బ్యాగులో రెండు నోటు పుస్తకాలు, ఫోన్లో కొత్తగా వేసుకున్న రికార్డింగ్ యాప్, ఒక కాగితం మీద పదకొండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటి ప్రశ్న, అందరూ అడిగేదే: మీరు రాయడానికి ప్రేరణ ఏమిటి?

ఇక్కడ నేను కలవాల్సిన తెలుగు మాస్టారు మధ్యాహ్నం రమ్మన్నారు కాబట్టి పొద్దున్న కథానిలయం అనే కథల లైబ్రరీకి వెళ్లాను. ఎన్నేళ్లుగానో చూడాలనుకున్న చోటు. కాళీపట్నం రామారావు గారు, అందరూ కారా మాస్టారు అని పిలుచుకునే ఆయన, పురస్కారాల రూపంలో తనకొచ్చిన డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న దీన్ని మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని ఆయన పట్టుదల. ఆయన విశాఖపట్నంలో హైస్కూలు లెక్కల మాస్టారుగా దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశారు. రాసిన కథలు తక్కువ, పోగుచేసిన కథలు వేలకు వేలు. 2021లో, 96 ఏళ్ల వయసులో పోయారు.

పాత పత్రికల అరల మధ్య నిలబడినప్పుడు నాకు తట్టినదొకటి చెప్పాలి. తిరగేస్తుంటే పెద్ద పేర్లు కనిపిస్తాయి, సంతోషంగానే ఉంటుంది, కానీ వాటి పక్క పేజీల్లో ఎప్పుడూ వినని పేర్లు ఎన్ని ఉన్నాయో. ఒకే ఒక్క కథ అచ్చయి ఆగిపోయినవాళ్లు, రెండు కథల తర్వాత మాయమైనవాళ్లు. ఎవరో పోస్టల్ గుమస్తానో, కొత్తగా పెళ్లయిన అమ్మాయో, ఒక రాత్రి కూర్చుని రాసి, స్టాంపులంటించి పంపి, అచ్చయిన రోజున ఇంట్లో అందరికీ చూపించి ఉంటారు. తర్వాత ఏమైంది? ఎందుకు ఆపేశారు? ఆ పుస్తకాలను అంతే జాగ్రత్తగా, పెద్ద రచయితల పుస్తకాల పక్కనే సర్ది పెట్టిన మనిషి మీద నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది. ఒక్క కథ రాసినా సరే, నీకూ ఇక్కడ చోటుందని చెప్పడం కదా అది.

నేను కలవాల్సిన మాస్టారి ఇల్లు నాగావళి అవతల. తెలుగు పండితుడిగా రిటైరై పదేళ్లు దాటింది. గుమ్మంలోనే "ఏటమ్మా, రైలు లేటా?" అని పలకరించి, నేను జవాబు చెప్పేలోపే మంచినీళ్లు తెచ్చిచ్చారు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ప్రేరణ గురించి అడగ్గానే వాళ్ల నాయనమ్మ గురించి చెప్పారు, వెన్నెల్లో పడుకోబెట్టి ఆవిడ చెప్పిన కథల గురించి. చక్కగా చెప్పారు. చాలాసార్లు చెప్పి ఉంటారనిపించింది, మాటలు అంత వరసగా వచ్చాయి.

ఆయనకు కోపం తెప్పించిన విషయం మాత్రం వేరు. మొదట్లో ఒక పత్రికకు కథ పంపితే అందులో ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలన్నీ మార్చి వేశారట. 'ఏటి' అని ఉన్నచోట 'ఏమిటి' అని, 'వచ్చీసింది' అని ఉన్నచోట 'వచ్చేసింది' అని. "అచ్చులో చూసుకుంటే అది మా వీధి ఆడోళ్లు మాటాడినట్టు లేదమ్మా, పరీక్షలో జవాబు చెప్తన్నట్టుంది. మా అమ్మకి చదివి వినిపిస్తే, ఎవులే ఈళ్లు అంది." ఆ పత్రికకు మళ్లీ ఎనిమిదేళ్లు ఏమీ పంపలేదు. ఇదే ఆయన బడిలో తెలుగు చెప్పేటప్పుడు, పిల్లలు రాసిన 'ఏటి'ని ఎర్రసిరాతో 'ఏమిటి' అని దిద్దాల్సి వచ్చేది. పగలు దిద్దిన మాటల్ని రాత్రి కథలో తిరిగి పెట్టుకునేవాడినని చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రాత్రి లాడ్జిలో విందామని చూస్తే రికార్డింగ్ పదకొండు నిమిషాలే ఉంది. ఫోన్లో చోటు అయిపోయి ఆగిపోయింది. చాలా బాధేసింది. తెల్లవారుజామున రెండింటి దాకా కూర్చుని గుర్తున్నదంతా నోటు పుస్తకంలో రాశాను. పైన ఆయన మాటలుగా రాసినవన్నీ అలా రాసుకున్నవే. అవి సరిగ్గా ఉన్నాయో లేదో ఆయనకు ఫోన్ చేసి చదివి వినిపించాలని అప్పుడే అనుకున్నాను.

రెండో రోజు, విజయనగరం

బస్సులో వచ్చాను. గురజాడ అప్పారావు గారి ఇంటికి ముందు వెళ్లాను. పాత ఇల్లు, కాపాడి ఉంచారు. ఇక్కడ మనిషి గురించి కంటే ఒక లిస్టు గురించి రాస్తాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో అది నా వెంటే వచ్చింది.

1897లో కన్యాశుల్కం మొదటిసారి అచ్చయినప్పుడు గురజాడ ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆజ్ఞతో అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలకు జాబితా తయారు చేయించారు. నమోదైనవి 1,034, అంటే ఏడాదికి సగటున 344. పిల్లను అమ్ముకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి లెక్కకు రానివి ఇంకా ఉన్నాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ చివరి ముగ్గురికి, తలకు, పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు.

ఎవరో గుమస్తాలు ఊరూరా కనుక్కుని రాసుకొచ్చిన అంకెలు అవి. ఆ అంకెలు చదివిన మనిషి ఊరుకోలేకపోయాడు. నాటకం 1892లో మొదటిసారి ఆడారు, 1909లో దాదాపు కొత్తగా అనిపించేంతగా తిరగరాశారు. ప్రేరణ అంటే నేను ఏదో వెలుగు, ఏదో గాలి అనుకుంటాను. ఇక్కడ అది ఒక సంస్థానం కాగితాల్లో వయసు ఒక గడిలో, ధర ఒక గడిలో ఉన్న పట్టిక.

మధ్యాహ్నం కలిసిన రచయిత్రి ఈ లిస్టు మాట ఎత్తగానే నవ్వి, "మా ఆఫీసే నయం, అక్కడ కనీసం వయసు పద్దెనిమిది నిండాలి" అన్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో పనిచేశారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజుల్లో దస్తావేజులు చేత్తో నకలు రాసేవాళ్లు, పెద్ద పెద్ద వాల్యూముల్లో, కొట్టివేత లేకుండా. 1998 తర్వాతే ఆ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అంటే పదేళ్లకు పైగా ఆవిడ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇతరుల ఆస్తుల గురించి ఇతరులు కూర్చిన వాక్యాలు రాశారు.

రాత్రి నేర్చుకున్న పాఠంతో ఫోన్ పక్కన పెట్టి నోటు పుస్తకం తీశాను. చిత్రం ఏమిటంటే, నేను రాసుకునేదాకా ఆగి మరీ మాట్లాడారు, ఆగినప్పుడల్లా ఇంకొకటి గుర్తుకొచ్చేది.

"నువ్వు ఎప్పుడైనా హక్కు విడుదల దస్తావేజు చదివావా అమ్మా?" అని అడిగారు. బ్యాంకులో లోను కాగితాల్లో చూశానన్నాను. తండ్రి పోయాక అక్కచెల్లెళ్లు తమ వాటా అన్నదమ్ములకు వదిలేస్తూ రాసిచ్చేది. అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది, నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా అని. "ఆ వాక్యం నేను కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. రాస్తున్నప్పుడు ఎదురుగా బెంచీ మీద ఆ అక్కచెల్లెళ్లు కూర్చుని ఉండేవారు. ఒకామె చంకలో బిడ్డ, ఒకామె పక్కన అన్న, ఆ అన్న మొహం గోడవైపు. వేలిముద్ర వేయించేటప్పుడు నేనే వేలు పట్టుకోవాలి కదా, చెయ్యి చల్లగా ఉండేది. ఇక నేను ఊహించి రాయాల్సింది ఏముంది?"

ఆవిడ మొదటి కథ ఆ వాక్యంతోనే మొదలవుతుంది. అది నేను కాలేజీలో ఉన్నప్పుడు చదివాను, ఆవిడ ఎక్కడ పనిచేస్తారో అప్పుడు తెలియదు.

హద్దుల గురించి చెప్పింది ఇంకా బాగుంది. దస్తావేజు చివర షెడ్యూల్లో ఆస్తికి నాలుగు వైపులా ఏముందో రాస్తారు, తూర్పు ఫలానావారి ఇల్లు, దక్షిణం పంచాయతీ రోడ్డు, అలా. కథలో ఒక మనిషిని పెట్టేముందు ఆ మనిషికి నాలుగు హద్దులు రాసుకుంటారట: ఇటువైపు ఎవరున్నారు, అటువైపు దారి ఉందా లేదా, వెనక ఎవరి గోడ. "హద్దులు తెలియకపోతే ఆ ఆస్తిని ఎవరూ రిజిస్టరు చెయ్యరు. హద్దులు తెలియని మనిషిని కథలో ఎలా పెట్టను?" ఆ రాత్రే నా మూడో పేజీ కథ గుర్తుచేసుకున్నాను. అందులో నేను పెట్టిన మనిషికి పక్కింటివాళ్లెవరో నాకు తెలియదు.

రాసే టైం గురించి అడిగితే పొడిగా చెప్పారు. లంచ్‌లో ఇరవై నిమిషాలు, అందరూ క్యారేజీలు విప్పినప్పుడు ఆవిడ ముందే తినేసి రాసుకునేవారు. ఆదివారాలు రాసింది ఏదీ బాగా రాలేదట, చేతినిండా టైం ఉంటే మనసు కూర్చోదన్నారు. రిటైరయ్యాక కథలు తగ్గాయి. దానికి కారణం నేను అడగలేదు, ఆవిడే చెప్పారు: "ఎదురుగా బెంచీ లేదు."

మూడో రోజు, విశాఖపట్నం

పొద్దున్న ఖాళీ. సముద్రం దగ్గర కాసేపు కూర్చుని రెండు రోజుల నోట్సు సాపు చేసుకున్నాను.

ఇక్కడ నేను కలవాల్సింది ముప్పై ఏళ్ల అబ్బాయి. మందుల కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్టు. నైట్ షిఫ్ట్ దిగి, నిద్రపోయి, సాయంత్రం నాలుగింటికి బీచ్ రోడ్డుకు వచ్చాడు, "అక్కా, కళ్లు ఎర్రగా ఉన్నాయని భయపడకండి" అంటూ. కథలన్నీ ఫోన్లోనే రాస్తాడు, కంపెనీ బస్సులో. వెళ్లడానికి గంట, రావడానికి గంట. బొటనవేలితో తెలుగు టైపు చేస్తాడు. అతని కథలు చిన్నవిగా ఎందుకుంటాయో విమర్శకులు ఒకటి రెండు చోట్ల పెద్ద పెద్ద కారణాలు రాశారు, అతను చెప్పినదేమో బస్సు దిగేలోపు ఒక భాగం అయిపోవాలి, లేకపోతే మర్నాడు ఆ మూడ్ దొరకదు అని.

అతని దగ్గర నేను నేర్చుకున్నది కొట్టివేత. మందుల తయారీలో ప్రతి బ్యాచ్‌కీ ఒక రికార్డు ఉంటుంది, ఎంత పొడి వేశారు, ఎన్ని డిగ్రీల వేడి, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు. అందులో తప్పు రాస్తే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒకే గీత కొట్టాలి, కింద ఉన్న తప్పు చదవడానికి వీలుగా ఉండాలి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ వేయాలి. ఎందుకు మార్చారో కూడా రాయాలి. తన కథల డ్రాఫ్టులూ అలాగే ఉంచుతాడు. వాక్యం నచ్చకపోతే డిలీట్ చేయడు, గీత కొట్టి పక్కన తేదీ వేసి కారణం రాస్తాడు: 'ఇది నేను చూసింది కాదు', 'అమ్మ ఇలా అనదు', 'గొప్పగా ఉండాలని రాశాను'. ఫోన్ తీసి చూపించాడు. ఒక కథకు పదిహేడు గీతలున్నాయి, అందులో తొమ్మిదింటి పక్కన 'గొప్పగా ఉండాలని రాశాను' అనే ఉంది. ఇంత నిజాయితీగా తన రాతను తనే చూసుకునే మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు.

విశాఖలో కథల గురించి మాట్లాడుతూ రావిశాస్త్రి గారి పేరు రాకుండా ఉండదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఈ ఊళ్లోనే లాయరు. మద్యనిషేధం కేసుల్లో ఇరుక్కున్న పేదవాళ్లను కోర్టులో దగ్గరగా చూసినవారు, ఆరు సారా కథలు అక్కణ్ణుంచి వచ్చినవే. ఆయన మాట ఒకటి తెలుగులో రాసేవాళ్లందరికీ తెలుసు, తను రాస్తున్నది ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకు సాయం చేస్తుందో రచయిత ఆలోచించుకోవాలన్నది. మనం దాన్ని సభల్లో ఎన్నిసార్లు విన్నామో. ఈ అబ్బాయికి మాత్రం అది రోజువారీ సమస్య.

రెండేళ్ల క్రితం అతను పనిచేసే చోట ఒక చిన్న ప్రమాదం జరిగింది. ప్రాణాలు పోలేదు. ఒక హెల్పర్ చెయ్యి కాలింది. దాని మీద ఇతను కథ రాశాడు, తను రాసినవాటిలో అదే మంచిదని అతని నమ్మకం. పంపలేదు. "అక్కా, ఊరి పేరు మార్చొచ్చు, కంపెనీ పేరు రాయక్కర్లేదు. కానీ ఆ షిఫ్టులో ఉన్నది ముగ్గురమే. చదివినవాళ్లకు ఆ సూపర్‌వైజర్ ఎవరో తెలిసిపోతుంది. ఆయనది తప్పే. కానీ ఆయన ఆ రోజు వరసగా రెండో షిఫ్ట్ చేస్తున్నాడు, అది కథలో పెట్టినా చదివేవాళ్లకు తప్పే గుర్తుంటుంది."

మరి రాయకపోతే కాలిన చెయ్యి గురించి ఎవరికి తెలుస్తుంది అని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో, అతను చాలాసేపు సముద్రం వైపే చూశాడు. తర్వాత, ఇంకో మూడేళ్లకు ఆయన రిటైరవుతాడు, అప్పుడు ఆయనకే ముందు చదివి వినిపిస్తాను, ఒప్పుకుంటే పంపుతాను అన్నాడు. నాకు ఇందులో అతనిదే సరైన నిర్ణయమని గట్టిగా అనిపిస్తుంది, కాదనేవాళ్లుంటారని తెలిసినా. ఏడున్నరకు బస్సు టైం అయిందని లేచాడు.

ఆ రోజు నా పదకొండు ప్రశ్నల కాగితం బయటికే తీయలేదు.

నాలుగో రోజు, రాజమండ్రి

రైల్లో కిటికీ పక్కన సీటు, అంతకుమించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. స్టేషన్లో దిగి ముందు కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి వెళ్లాను. తెలుగునాట తొలి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న జరిపించింది ఈ ఊళ్లోనే. నాకు ఆ రోజు ఎక్కువగా గుర్తుకొచ్చింది మాత్రం పత్రికాసంపాదకుడైన వీరేశలింగం. 1874లో వివేకవర్ధని మొదలుపెట్టారు, 1878 నుంచి రాజశేఖర చరిత్రం నవలను అందులోనే విడతలు విడతలుగా వేశారు. సంచిక బయటికి రావాలి కాబట్టి ప్రకరణం పూర్తవ్వాలి. నేను ఆ మధ్యాహ్నం కలవబోతున్న ఆవిడ వందేళ్ల తర్వాత చేసిందీ అదే పని.

ఆవిడకు 78 ఏళ్లు. డెబ్బైల్లో, ఎనభైల్లో వారపత్రికల్లో సీరియల్స్ రాశారు. మా అమ్మ ఆవిడ అభిమాని, పేజీలు చింపి కుట్టుకుని దాచుకుంది. అది చెప్పగానే "మీ అమ్మగారి పేరేమిటమ్మా? ఉత్తరం రాశారా ఎప్పుడైనా?" అని అడిగారు. రాయలేదన్నాను. "రాయనివాళ్లే ఎక్కువ మందిలే" అన్నారు.

ప్రేరణ గురించి అడిగాను, ఈసారి వేరే రకంగా, వారం వారం రాయాలంటే ఏది కూర్చోబెట్టేదని. వెంటనే జవాబొచ్చింది: "పోస్టు." వారానికి పదహారు అరఠావులు, కార్బన్ పెట్టి రెండు ప్రతులు, ఒకటి తన దగ్గర ఉండాలి, లేకపోతే పోయిన వారం ఎవరిని ఏ ఊరు పంపించానో మర్చిపోయేదాన్నని చెప్పారు. సాయంత్రం పోస్టు దాటిపోతే వాళ్లాయన కవరు పట్టుకుని సైకిలు మీద రైల్వే స్టేషన్లో ఆర్.ఎం.ఎస్.కు, అంటే రైల్వే తపాలా ఆఫీసుకు వెళ్లి, రాత్రి బండికి అందేలా వేసి వచ్చేవారు. పదకొండేళ్లలో ఒక్క వారం తప్పలేదు, ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు కూడా. "ఆయన ఒక్క సీరియలూ చదవలేదమ్మా, చదివే ఓపిక లేదాయనకి. కానీ కవరు బరువు చేత్తో పట్టుకుని, ఈ వారం తక్కువ రాశావేం అనేవారు."

ఉద్యోగం చేయలేదు కదా, మనుషుల్ని ఎక్కడ చూసేవారు అని అడిగితే ఆవిడ నా వైపు కాస్త తీక్షణంగా చూశారు. "ఉద్యోగం చేయలేదని ఎవరన్నారు? పద్నాలుగు మంది ఉన్న ఇల్లు. ఒక ఆడపడుచు పుట్టింటికొచ్చేసింది, ఒక మరిది డబ్బులు పోగొట్టాడు, మామగారు మాట్లాడరు. ఎవరికి ఎప్పుడు కాఫీ ఇవ్వాలో, ఎవరి ముందు ఎవరి పేరు ఎత్తకూడదో అంతా నేనే చూసుకోవాలి. నీ బ్యాంకులో ఇంతకంటే ఎక్కువ ఉంటుందా?" ఉండదు. ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తర్వాత లోపలి గదిలోకి తీసుకెళ్లి రేకుపెట్టె తెరిచారు. నిండా ఉత్తరాలు, ఎక్కువగా కార్డులు, కొన్ని ఇన్‌లాండ్ కవర్లు. ఒక్కొక్కటీ తీసి చదివాం. ఒక సీరియల్లో ఒక పాత్రను చంపొద్దని ఒకరు. చంపాల్సిందేనని ఇంకొకరు. ఒక పాఠకురాలు మాత్రం దాదాపు రెండేళ్లు ప్రతివారం రాసింది, ఎప్పుడూ అడ్రసు ఇవ్వలేదు, సంతకం చోట 'మీ చెల్లెలు' అని మాత్రమే ఉంది. కథ గురించి ఒక్క ముక్క రాయదు. ఇవాళ వాన పడింది, పాపకు జ్వరం తగ్గింది, ఆయన ఊరెళ్లారు కాబట్టి రెండుసార్లు చదివాను, ఇలా. ఒక వారం నుంచి ఆ కార్డులు ఆగిపోయాయి. ఈవిడ ఆ తర్వాతి సీరియల్లో ఒక పాత్రతో, చెల్లీ ఎక్కడున్నావు, ఒక్క కార్డు ముక్క రాయవూ అని ఉత్తరం రాయించారట, ఎక్కడైనా చదువుతుందేమోనని. జవాబు రాలేదు.

రాయడం ఎందుకు ఆపారని అడగడానికి నాకు నోరు రాలేదు, కానీ ఆవిడే చెప్పారు. సాయంత్రాలు ఇళ్లల్లోకి టీవీ సీరియళ్లు వచ్చాయి, పత్రికలు సన్నబడ్డాయి, ఒక పత్రికైతే ఆఖరి సీరియల్‌కు పారితోషికం ఇవ్వకుండానే మూతపడింది. డబ్బు గురించి ఆవిడకు పెద్ద బాధ లేదు. "ఎవరూ ఎదురుచూడని వారం ఒకటొచ్చిందమ్మా. కూర్చున్నాను, కాగితాలు పెట్టుకున్నాను, కార్బన్ పెట్టుకున్నాను. ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, ఏమైనా ఉందా అన్నారు. లేదండీ అన్నాను." అప్పటికి సీరియళ్లు ఆగిపోయి నెల దాటిందట. ఆయన అలవాటు కొద్దీ చెప్పులేసుకున్నారు.

ఐదో రోజు, రాజమండ్రి నుంచి

రైలు సాయంత్రం. పొద్దున్న పుష్కర్ ఘాట్ మెట్ల మీద కూర్చుని శ్రీకాకుళం మాస్టారికి ఫోన్ చేశాను. రికార్డింగ్ పోయిన సంగతి చెప్పి క్షమించమన్నాను. గుర్తున్నంతవరకు రాసింది చదివి వినిపించాను. నాయనమ్మ, వెన్నెల, 'ఏటి', ఎనిమిదేళ్లు.

ఆయన అంతా విని, "నాయనమ్మ సంగతి తీసీ అమ్మా" అన్నారు.

తప్పు రాశానా అని కంగారుపడ్డాను. తప్పు కాదట. ఎవరడిగినా అదే చెప్తానని, అది అబద్ధం కూడా కాదని, కానీ నేను వెళ్లిపోయాక ఆలోచిస్తే నేను అడిగినదానికి జవాబు అది కాదనిపించిందని చెప్పారు. ఆగి, ఆగి చెప్పారు. నేను మెట్ల మీదే నోటు పుస్తకం తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాను.

వంశధార మీద హిరమండలం దగ్గర రిజర్వాయరు కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయాలని చెప్తున్న రోజులు. ఆయన ఆ వైపు బడిలో పనిచేస్తున్నారు. అప్పటికి కథలు రాయడం మానేసి చాలా ఏళ్లయింది. పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చారు, మీ ఊరి గురించి పది వాక్యాలు రాయండి అని. ప్రతి ఏడూ ఇచ్చే ప్రశ్నే. పేపర్లు దిద్దుతుంటే ఏడో తరగతి పిల్లాడి కాగితంలో ఆ జవాబు చోట ఒక్క ముక్క ఉంది: మా ఊరు ములిగిపోతాదంట మాస్టారూ, అందుకని రాయలేదు.

"పది వాక్యాలడిగితే ఒకటే రాసినాడు. నేనేటి చేసినాను, 'ములిగి' కింద గీత కొట్టి 'మునిగి' అని దిద్దీసి, పదికి ఒక మార్కు యేసీసి పక్క పేపరు తీసినాను. అలవాటు. రెండు పేపర్లు దిద్దీసినాక చెయ్యి ఆగిపోయింది. ఎనక్కి తీసి చూసుకున్నాను. ఆ రాత్రి నుంచే మళ్లీ రాస్తన్నానమ్మా."

మార్కు మార్చారా అని అడిగాను.

"మార్చడానికేటుంది, ఆడు రాసింది ఒకటే కదా," అన్నారు మొదట. కాసేపటికి, "పదీ యేసినాను. హెడ్‌మాస్టారు అడిగితే ఏటి చెప్పాలో ఆలోచించుకున్నాను గానీ, ఎవులూ అడగలేదు" అన్నారు.

ఆ పిల్లాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసా అన్నాను. తెలుసట, విశాఖలో ఏదో పనిలో ఉన్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు, మాస్టారు కథలు రాస్తారని తెలుసు గానీ ఈ సంగతి తెలియదు. పేరు చెప్పారు. రాసుకున్నాను. రాసుకున్నావా అని అడిగారు, రాసుకున్నానన్నాను. "అయితే కొట్టీ, ఆడికి నేనే చెప్తాను" అన్నారు.

చదవడానికి వీలుగా ఉండేలా ఒకే గీత కొట్టి, పక్కన తేదీ వేశాను.